గ్రీస్‌లో 15వ స్థానం, ఏడాది చివర ప్రపంచ ఛాంపియన్: ర్యాలీ సీజన్ లెక్క ఎలా ఉంటుంది?

2022 ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ పట్టికలో ఫిన్లాండ్ కుర్రాడు కాలే రోవన్‌పెరా పేరు ఎదురుగా ఉన్న అంకెలు చూస్తే మొదట తికమకే. మొత్తం 13 ర్యాలీల్లో 6 గెలిచాడు. అది బాగానే ఉంది. గ్రీస్‌లో మాత్రం 15వ స్థానం, జపాన్‌లో 12వ స్థానం. బెల్జియంలో అయితే రెండో స్టేజీలోనే, అంటే గడియారం పెట్టి నడిపే రెండో దారి ముక్కలోనే, కారు పల్టీ కొట్టి ఆ రోజు ఆట అక్కడితో ముగిసింది. అయినా అతను ఇంకా రెండు ర్యాలీలు మిగిలి ఉండగానే ఛాంపియన్ అయిపోయాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్ల ఒక్క రోజు. అంతకుముందు అతి చిన్న వయసు ఛాంపియన్ రికార్డు స్కాట్లాండ్ డ్రైవర్ కాలిన్ మెక్‌రేది. 1995లో గెలిచినప్పుడు ఆయనకి 27 ఏళ్లు.

మా కావలిలోనూ, అటు నెల్లూరు, ఒంగోలులోనూ కాలేజీ పిల్లల ఫోన్లలో ర్యాలీ వీడియోలు బాగా తిరుగుతున్నాయి. కారు గాల్లోకి లేవడం, మట్టి రేపుకుంటూ మలుపులో అడ్డంగా జారడం, చెట్టుకి జానెడు దూరంలో దూసుకుపోవడం. ఎవరు గెలుస్తారని అడిగితే అందరికన్నా స్పీడుగా పోయినవాడని ఠక్కున చెప్తారు. ఒక్క స్టేజీ వరకు ఆ మాట నిజమే. ఏడాది పొడుగునా సాగే సీజన్‌లో గెలుపు ఓటములు తేలేది మాత్రం పని చెడిన రోజున ఎంత దక్కించుకున్నాడన్న దగ్గర. రోవన్‌పెరా 2022 సీజన్ ఆ సంగతిని అంకెలతో సహా చూపిస్తుంది. అందుకే దాన్ని విప్పి చూద్దాం.

ముందు ర్యాలీ అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. అక్కడ రెండు జతల ఎడ్లు పక్కపక్కన పోటీపడవు. ఒక జత దిగుతుంది, ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు, అది తప్పుకున్నాక ఇంకో జత దిగుతుంది. ర్యాలీలోనూ కార్లు ఒకదాని వెనక ఒకటి కొన్ని నిమిషాల ఎడంతో బయల్దేరతాయి. బండలాగుడులో కాలం ఖాయం, దూరం కొలుస్తారు. ర్యాలీలో దూరం ఖాయం, కాలం కొలుస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్లకి విభాగాలున్నట్టే కార్లకీ ఇంజన్ శక్తిని బట్టి, చేసిన మార్పులని బట్టి తరగతులుంటాయి. ప్రపంచ స్థాయిలో పై తరగతిని ర్యాలీ1 అంటారు, దాని కింద ర్యాలీ2, ర్యాలీ3 ఇలా. కాబట్టి ఎక్కడైనా “మనవాడు మొదటి స్థానం” అని చదివితే, మొత్తం మీదా, తన తరగతిలోనా అని ముందు చూసుకోవాలి.

ఒక ర్యాలీ మామూలుగా మూడు నాలుగు రోజులు నడుస్తుంది. అందులో రెండు రకాల రోడ్లుంటాయి. ఒకటి స్టేజీ. అడవి దారో, తోటల మధ్య మట్టి బాటో, కొండ మీద తారు రోడ్డో, జనాన్ని రానివ్వకుండా పూర్తిగా మూసేసి గడియారం పెట్టి నడిపేది. రెండోది ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి పోయే మామూలు రోడ్డు. అక్కడ పోటీ కారు కూడా బస్సులు, ట్రాక్టర్ల మధ్యే పోవాలి, సిగ్నల్ దగ్గర ఆగాలి, స్పీడు హద్దు దాటకూడదు. కారుకి రిజిస్ట్రేషన్ ఉండాలి, తోలేవాడికి లైసెన్సు ఉండాలి.

ఈ లైసెన్సు దగ్గరే రోవన్‌పెరా కథలో ఒక విశేషం ఉంది. అతని తండ్రి హారి కూడా ర్యాలీ డ్రైవరే, 2001లో స్వీడన్ ర్యాలీ గెలిచాడు. కొడుకు చిన్నప్పటి నుంచే గడ్డకట్టిన చెరువుల మీద కారు తిప్పడం నేర్చాడు. ఫిన్లాండ్‌లో ఆ వయసుకి ర్యాలీ ఆడే వీల్లేదు, అందుకని లాత్వియాకి పోయాడు. అక్కడ మూసేసిన స్టేజీల్లో కుర్రాడు తోలేవాడు. స్టేజీ అయిపోగానే అతనూ, పక్క సీట్లో దారి చెప్పే కో-డ్రైవరూ సీట్లు మార్చుకునేవాళ్లు, మామూలు రోడ్డు మీద కో-డ్రైవర్ తోలేవాడు. అలా ఆడి 2016లో లాత్వియా ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 17 ఏళ్లకి ప్రత్యేక అనుమతితో సొంత దేశంలో లైసెన్సు వచ్చాక గానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి రాలేదు. జాతీయ స్థాయి టైటిల్ గెలిచిన కుర్రాడు కూడా లైసెన్సు లేనన్నాళ్లు బయట రోడ్డు మీద స్టీరింగ్ ముట్టుకోలేదు.

మామూలు రోడ్డు మీద ఇంకో లెక్క నడుస్తుంది. ప్రతి స్టేజీకి ముందు టైమ్ కంట్రోల్ ఉంటుంది, ఏ నిమిషానికి అక్కడికి చేరాలో కార్డు మీద రాసి ఉంటుంది. ఒక నిమిషం ఆలస్యమైతే 10 సెకన్లు కలుపుతారు. ఒక నిమిషం ముందు చేరితే ఏకంగా ఒక నిమిషం కలుపుతారు. ముందు చేరినందుకే శిక్ష ఎక్కువ, ఎందుకంటే జనం తిరిగే రోడ్డు మీద తొందరపడి పోవాలన్న ఆశే పుట్టకూడదు. స్టేజీలో ప్రాణం పెట్టి సంపాదించిన నాలుగు సెకన్లు ఒక్క నిమిషం పొరపాటుతో పోతాయి. ఆ కార్డు, ఆ గడియారం చూసుకునే పని కో-డ్రైవర్‌ది.

కో-డ్రైవర్ అసలు పని నోట్స్. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే వీడియోల్లో కనపడనిది ఇదే. ర్యాలీకి ముందు ప్రతి జంటకీ స్టేజీల మీద సాధారణంగా రెండుసార్లు నెమ్మదిగా తిరిగే అవకాశం ఇస్తారు. మొదటిసారి డ్రైవర్ చూసి చెప్తుంటే పక్కవాడు రాసుకుంటాడు, రెండోసారి సరిచూసుకుంటారు. ఉదయగిరి కొండల కింద ఒక పల్లె రోడ్డుకి నోట్స్ రాశారనుకోండి, ఇలా ఉంటుంది: “120, మెరక, నేరుగా. 60, కుడి నాలుగు, చప్టాలోకి. ఎడమ రెండు, బిగుస్తుంది, కోయొద్దు, రాయి.”

విడదీసి చూద్దాం. 120 మీటర్ల తర్వాత మెరక వస్తుంది, దాని అవతల ఏముందో కంటికి కనపడదు, అయినా రోడ్డు నేరుగానే ఉంది, కాలు తీయక్కర్లేదు. ఇంకో 60 మీటర్లకి కుడి మలుపు. ఒకటి నుంచి ఆరు దాకా వేసే కొలతలో ఒకటి అంటే బాగా ఇరుకు, ఆరు అంటే దాదాపు నేరు, కాబట్టి నాలుగు ఓ మాదిరి. కొందరు డ్రైవర్లు ఈ అంకెలు తిరగేసి వాడతారు, అది వాళ్ల అలవాటు. మలుపు చివర చప్టా ఉంది, కారు ఒక్కసారి కిందికి కుంగుతుంది. వెంటనే ఎడమకి ఇరుకు మలుపు, సగం తిరిగాక ఇంకా ఇరుకవుతుంది. లోపలి అంచు మీంచి అడ్డదారిన పోతే ఒక సెకను కలిసొస్తుంది, అక్కడ గడ్డిలో కిలోమీటరు రాయి ఉంది గనక పోవద్దు. ఇదంతా చదవడానికి కో-డ్రైవర్‌కి దొరికేది నాలుగైదు సెకన్లు. కళ్లు పుస్తకం మీద, కారు ఎక్కడుందో తెలిసేది ఒంటికి తగిలే కుదుపులని బట్టి. కారు ఒక మలుపులో ఉండగానే తర్వాతి మలుపు నోట్ డ్రైవర్ చెవిన పడాలి. ఒక్క వరుస తప్పితే అక్కడి నుంచి ప్రతి మాటా తప్పే. రోవన్‌పెరా పక్కన కూర్చున్నది యోన్నె హాల్టునెన్. టైటిల్ ఇద్దరికీ ఇస్తారు, డ్రైవర్‌కి ఒకటి, కో-డ్రైవర్‌కి ఒకటి.

ఇక పాయింట్లు. 2022లో ర్యాలీ గెలిస్తే 25, తర్వాత వరసగా 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. పదో స్థానం దాకా ఏదో ఒకటి వస్తుంది. ఇది కాక ఆఖరి స్టేజీని పవర్ స్టేజీ అంటారు. అందులో మొదటి ఐదుగురికి 5, 4, 3, 2, 1 అదనం. ర్యాలీ మొత్తంలో నువ్వు ఎక్కడున్నావన్నది ఆ ఐదు పాయింట్లకి అనవసరం, ఆ ఒక్క స్టేజీలో నీ కాలమే లెక్క. తర్వాతి సంవత్సరాల్లో ఈ పద్ధతిలో మార్పులు చేశారు, కానీ 2022కి లెక్క ఇదే.

పల్టీ కొట్టిన కారు మళ్లీ ఎలా వచ్చిందన్నది కొత్తగా చూసేవాళ్లందరి ప్రశ్న. కారు లోపల మనుషుల్ని కాపాడే ఇనుప పంజరం దెబ్బతినకుండా ఉంటే, రాత్రికి రాత్రి బాగుచేసుకుని మర్నాడు మళ్లీ దిగవచ్చు. పోగొట్టుకున్న ప్రతి స్టేజీకి పదేసి నిమిషాలు కలుపుతారు. మొదటి ఇద్దరి మధ్య తేడా సెకన్లలో ఉండే ఆటలో పది నిమిషాలంటే గెలుపు ఆశ వదులుకోవాల్సిందే. అయినా మెకానిక్‌లు తెల్లవార్లూ కూర్చుని ఆ కారుని నిలబెడతారు. ఎందుకంటే ఆఖర్న పవర్ స్టేజీ ఉంది.

ఇప్పుడు సీజన్ చూడండి. ఫిబ్రవరిలో స్వీడన్ మంచు మీద గెలుపు. తర్వాత క్రొయేషియా తారు రోడ్ల మీద, ఆ ఏడాది నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అది. రోవన్‌పెరా మొదటి నుంచీ ముందున్నాడు. వాన వస్తుందా రాదా అన్న లెక్కలో టైర్ల ఎంపిక కలిసిరాక, చివరి స్టేజీకి ముందు స్టేజీలో ఎస్టోనియా డ్రైవర్ ఓట్ తానాక్ 1.4 సెకన్లు ముందుకి పోయాడు. మూడు రోజుల ఆధిక్యం ఒక్క స్టేజీలో ఆవిరి. మిగిలింది ఒకే ఒక్క స్టేజీ. 21 ఏళ్ల కుర్రాడు అక్కడ అందరికన్నా వేగంగా పోయి, ర్యాలీని 4.3 సెకన్ల తేడాతో గెలిచి, పవర్ స్టేజీ 5 పాయింట్లు కూడా పట్టుకుపోయాడు.

పోర్చుగల్ గెలుపు చూడ్డానికి సాదాగా ఉన్నా దాని వెనక పెద్ద సంగతి ఉంది. మట్టి ర్యాలీలో మొదటి రోజు ఛాంపియన్‌షిప్ పట్టికలో పైనున్నవాడే ముందు బయల్దేరాలి. వేసవిలో కొత్తగా గ్రావెల్ తోలిన చెరువు కట్ట మీద అందరికన్నా ముందు బండేసుకుని పోయినవాళ్లకి ఆ కష్టం తెలుసు. వదులు మట్టి మీద చక్రం పట్టుకోదు, బ్రేక్ వేస్తే జారుతుంది. పది బండ్లు పోయాక చక్రాల జాడ పడి కింద గట్టినేల తేలుతుంది, వెనక వచ్చేవాళ్లు హాయిగా పోతారు. ముందు పోయే కారు పని వెనకవాళ్లకి రోడ్డు ఊడ్చిపెట్టడమే. రెండో రోజు నుంచి క్రమం తిరగబడుతుంది, ఆ ర్యాలీలో ముందున్నవాడు చివర బయల్దేరతాడు. కానీ మొదటి రోజు పోయిన సెకన్లు తిరిగిరావడం కష్టం. రోవన్‌పెరా ఆ రోడ్డు ఊడ్చే చోట నుంచి మొదలుపెట్టి పోర్చుగల్ గెలిచాడు. సార్డీనియాలో అలా కుదరలేదు, ఐదో స్థానం. ఆ ఐదో స్థానాన్ని వైఫల్యమని రాసినవాళ్లు బయల్దేరే క్రమం చూసి ఉండరు. తర్వాత కెన్యాలో, ఎస్టోనియాలో గెలిచాడు, సొంత గడ్డ ఫిన్లాండ్‌లో తానాక్ వెనక రెండో స్థానం. అప్పటికి తానాక్‌తో తేడా 94 పాయింట్లు.

అక్కడి నుంచి వరసగా రెండు దెబ్బలు. ముందు చెప్పిన బెల్జియం పల్టీ, ఆపైన గ్రీస్‌లో 15వ స్థానం. 94 కాస్తా 53కి దిగింది. తానాక్ బెల్జియంలో గెలిచాడు, గ్రీస్‌లో రెండో స్థానం. ఆ రెండు వారాంతాల్లో రోవన్‌పెరాకి స్థానం వల్ల ఒక్క పాయింటూ రాలేదు. అయినా రెండు చోట్లా పవర్ స్టేజీలో వేగంగా పోయి కొన్ని పాయింట్లు ఏరుకున్నాడు. మొన్న పల్టీ కొట్టిన కారులో, గెలిచే ఆశ లేని ర్యాలీలో, ఆఖరి స్టేజీని అంత కసిగా తోలడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇంకోసారి గుద్దితే పరువూ పోతుంది, బండీ పోతుంది. నెమ్మదిగా పోతే పోయేదేమీ లేనట్టు అనిపిస్తుంది. ఆ వయసులో చాలామంది తడబడేది ఇక్కడే.

తర్వాత న్యూజిలాండ్‌లో గెలుపు, పవర్ స్టేజీ కూడా అతనిదే. తేడా 64 అయింది. మిగిలినవి రెండు ర్యాలీలు, ఒక్కో దాంట్లో గరిష్ఠంగా 30, మొత్తం 60. టైటిల్ అక్కడే ఖాయమైంది. స్పెయిన్ మూడో స్థానం, జపాన్ 12వ స్థానం ఆ తర్వాతి సంగతులు.

ఏడాది చివర రోవన్‌పెరాకి 255 పాయింట్లు, తానాక్‌కి 205. ఆ 255ని మీరే విడదీసి చూడండి. 6 విజయాలకి 150. మోంటేకార్లోలో నాలుగో స్థానానికి 12, సార్డీనియా 10, ఫిన్లాండ్ 18, స్పెయిన్ 15, కలిపి 55. మొత్తం 205. మిగిలిన 50 పవర్ స్టేజీలవి. అంటే రెండో స్థానంలో ఉన్నవాడితో తేడా ఎంతో, పవర్ స్టేజీల్లో ఏరుకున్న పాయింట్లూ అన్నే. తానాక్‌కీ పవర్ స్టేజీ పాయింట్లు వచ్చాయి గనక ఆ 50తోనే గెలిచాడని అనకూడదు. కానీ వీడియోల్లో ఎవరూ చూపించని, పత్రికల్లో ఒక్క వాక్యం కూడా పడని ఆ కొద్దిపాటి పాయింట్లు ఏడాది చివరికి రెండు పూర్తి విజయాలంత బరువు తూగాయి.

మన దేశంలో ఈ ఆట లేకపోలేదు. జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1988 నుంచి నడుస్తోంది. దాన్ని చూసే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఆఫీసు చెన్నైలోనే ఉంది, నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల దారి. కోయంబత్తూరు దగ్గర గాలిమరల మధ్య, చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లో స్టేజీలు నడిచాయి. గౌరవ్ గిల్ 2013, 2016, 2017ల్లో ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు, 2019లో అర్జున అవార్డు అందుకున్నాడు. మోటార్ స్పోర్ట్స్ నుంచి ఆ అవార్డు ఆయనదే మొదటిది.

మన వైపు ఉన్న జామాయిల్ తోటలు, వెలికొండల కింద ఎర్రమట్టి దారులు చూసినప్పుడల్లా ఇక్కడ మంచి స్టేజీ వేయొచ్చనిపిస్తుంది నాకు. కానీ స్టేజీ అంటే దారి ఒక్కటే కాదు. ప్రతి అడ్డరోడ్డు దగ్గర మనిషి ఉండాలి, అంబులెన్సు, డాక్టరు, మంటలార్పే బండి ఉండాలి, ఊళ్లోవాళ్లందరికీ ముందే తెలియాలి. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ దగ్గర జాతీయ ర్యాలీ జరుగుతుండగా, మూసేసిన రోడ్డు మీదికి వచ్చిన మోటార్ సైకిల్‌ని పోటీ కారు ఢీకొని ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. ఇంత ఏర్పాటున్న చోటే అలా జరిగింది.

అలాంటప్పుడు రాత్రిపూట నెల్లూరు, కావలి మధ్య హైవే మీద పందేలు వేసుకునే పిల్లల్ని తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. ధాన్యం లారీలు, రొయ్యల వ్యాన్లు, లైట్లు లేని ట్రాక్టర్లు తిరిగే రోడ్డది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మైనరు నేరం చేస్తే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా పడతాయి, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ర్యాలీ ఆడాలని కలగనే కుర్రాడికి ఆ చివరి మాట ఒక్కటి చాలు. లైసెన్సు లేనివాడిని మామూలు రోడ్డు మీద పోటీ కారు తోలనివ్వరు.

నిజంగా ఆశ ఉన్నవాళ్లకి దారి ఇలా ఉంది. 18 నిండాక డ్రైవింగ్ లైసెన్సు, ఆపైన వైద్య పరీక్ష పత్రంతో ఫెడరేషన్ పోటీ లైసెన్సు. మొదట ఆటోక్రాస్, అంటే ఖాళీ మైదానంలో గీసిన దారిలో ఒక్కో కారుని విడిగా తోలించి కాలం కొలిచే పోటీ. లేదా టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీ. ఇందులో స్పీడుకి చోటే లేదు, చెప్పిన సగటు వేగంతో సరిగ్గా చెప్పిన సమయానికి చేరడమే పోటీ. మామూలు కారు చాలు. కారులో పంజరం, నిప్పంటుకోని సూట్, మెడని కాపాడే పట్టీ, ప్రతి ర్యాలీకి టైర్లు అంటూ అసలు ఖర్చు మొదలయ్యేది స్టేజీ ర్యాలీకి వచ్చాకే. చాలామంది ఆగిపోయేది కూడా అక్కడే, చేతకాక కాదు, డబ్బు లేక.

అందుకే మన పిల్లలకి నేను పక్క సీటు గురించి గట్టిగా చెప్తాను. కో-డ్రైవర్‌కి సొంత కారు అక్కర్లేదు. లెక్క తప్పని గడియారం చూపు, కుదుపుల్లోనూ వరస తప్పకుండా చదివే గొంతు, రాత్రంతా దారి మళ్లీ మళ్లీ మననం చేసుకునే ఓపిక కావాలి. కేరళలో కాసరగోడు నుంచి వచ్చిన మూసా షరీఫ్ పక్క సీటులో కూర్చునే జాతీయ టైటిళ్లు ఎన్నో గెలిచాడు, ఏళ్ల తరబడి గౌరవ్ గిల్‌కి నోట్స్ చదివింది ఆయనే. ఆ చదువు ఇప్పుడే, కారు లేకుండానే మొదలుపెట్టొచ్చు. కావలి నుంచి ఉదయగిరి పోయే బస్సులో ముందు సీటు పట్టుకుని, ఒక నోటు పుస్తకం తీసి, మొదటి మలుపు కుడి ఎంతో, ఎడమ ఎంతో రాయడం మొదలుపెట్టండి. తిరుగు ప్రయాణంలో అదే దారిని ఎదురు వరసలో మళ్లీ రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.